ఫ్యాటీ లివర్ ట్రయల్‌లో చేరాను: నా అనుభవం

"నీ మీద మందులు ప్రయోగాలు చేస్తున్నారంట కదా" అని అడిగినవాళ్ళు ఈ ఏడాదిన్నరలో చాలామందే అయ్యారు, అందులో సగం మంది జాలిగా అడిగారు, మిగతా సగం "ఎంత ఇస్తారేంటి" అని అడిగారు, ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పే ఓపిక లేక కూర్చుని మొత్తం రాసేస్తున్నా. నేను డాక్టర్ని కాదు, ఒక ప్రైవేట్ కంపెనీలో అకౌంట్స్ చూసుకుంటా, మాది మండపేట దగ్గర, పెళ్ళయినప్పటినుంచి కూకట్‌పల్లిలో ఉంటున్నాం. ఇదంతా మొదలైనప్పటికి నాకు 47, షుగర్ వచ్చి చాలాకాలం అయింది, 78 కేజీలు ఉన్నా.

2024 మొదట్లో ఆఫీసు వాళ్ళు చేయించే హెల్త్ చెకప్‌లో అల్ట్రాసౌండ్ రిపోర్ట్ మీద "గ్రేడ్ 2 ఫ్యాటీ లివర్" అని వచ్చింది. మా కాలనీ డాక్టర్ గారికి చూపిస్తే ఇప్పుడు ఇది అందరికీ ఉంటుందమ్మా, కాస్త నడవండి, నూనె తగ్గించండి అని ఇంకో పేషెంట్‌ని పిలిచేశారు. నేనూ ఫైల్లో పెట్టేసేదాన్నే, కానీ షుగర్ చూసే డాక్టర్ గారు మూడు నెలల రివ్యూలో ఆ రిపోర్ట్ తిరగేసి ఫోన్లో క్యాలిక్యులేటర్ తీసి ఏవో లెక్కలేశారు. లివర్ ఎంత గట్టిపడి ఉండొచ్చో అంచనా వేసే ఆ లెక్కని ఫిబ్-4 అంటారట. వయసుని ఎస్‌జీఓటీతో గుణించి, దాన్ని ప్లేట్‌లెట్లు (వేలల్లో) ఇంటూ ఎస్‌జీపీటీ వర్గమూలంతో భాగించడమే, అంతే, ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ అంటే లివర్ ఎంజైములు, అన్నీ మామూలు బ్లడ్ టెస్టులో ఉండేవే. నాకు ఎస్‌జీఓటీ 62, ఎస్‌జీపీటీ 78, ప్లేట్‌లెట్లు లక్షా తొంభై వేలు, లెక్కేస్తే 1.74 వచ్చింది. 1.3 కన్నా తక్కువైతే పెద్దగా భయం లేదు, 2.67 దాటితే వెంటనే చూడాలి, మధ్యలో ఉంటే ఇంకో టెస్ట్ చేసి తేల్చుకోవాలి అన్నారు. అంకెలతోనే బతికేదాన్ని కదా, ఇంటికొచ్చి మా వారి రిపోర్ట్ తీసి ఆయనకీ వేశా, ఆయనకి ఒకటి లోపే వచ్చింది, రోజూ రాత్రి పెరుగన్నంలో ఆవకాయ నూనె పోసుకుని తినే మనిషికి!

ఇక్కడ నాకు అర్థమైన విషయం ఒకటి చెప్పాలి. అల్ట్రాసౌండ్లో గ్రేడ్ 1, గ్రేడ్ 2 అని రాసేది కొవ్వు ఎంత ఉందనే, లివర్ గట్టిపడిందా లేదా అన్నది అందులో సరిగ్గా తెలియదు. అసలు ప్రమాదం ఆ గట్టిపడటంలోనే, దాన్నే ఫైబ్రోసిస్ అంటారు, ఎఫ్0 నుంచి ఎఫ్4 దాకా లెక్క, ఎఫ్4 అంటే సిరోసిస్, ఆఖరి మెట్టు. ఎస్‌జీపీటీ నార్మల్‌గా ఉన్నా లోపల ఫైబ్రోసిస్ ఉండొచ్చు. మా ఆఫీసులో గ్రేడ్ 1 కదా అని నిశ్చింతగా ఉన్నవాళ్ళూ ఉన్నారు, గ్రేడ్ 3 అని నిద్ర మానేసినవాళ్ళూ ఉన్నారు, ఇద్దరూ ఆ ఇంకో టెస్ట్, అంటే లివర్ గట్టిదనం కొలిచే ఫైబ్రోస్కాన్, చేయించుకునేదాకా నిజం తెలీదు.

ఫైబ్రోస్కాన్‌కి ముందు మూడు గంటలు ఏమీ తినకూడదు. వెల్లకిలా పడుకోబెట్టి కుడిచెయ్యి తలకింద పెట్టుకోమంటారు, పక్కటెముకల మధ్య జెల్ రాసి చిన్న పరికరం ఆనించి టప్ టప్ మని తడుతుంది, నొప్పేం ఉండదు. కనీసం పది రీడింగులు తీసి మధ్యది చూస్తారు. నాకు మామూలు ప్రోబ్‌తో రాక లావుగా ఉన్నవాళ్ళకి వాడే ఎక్స్ఎల్ ప్రోబ్ తెమ్మని ఆ టెక్నీషియన్ అబ్బాయి గట్టిగా కేకేశాడు, గదిలో ఉన్న నలుగురూ నా వైపు చూశారు, అది వేరే సంగతి. గట్టిదనం 10.2, కొవ్వు 318. లివర్ డాక్టర్ గారు ఆ కాగితం చూసి ఎఫ్2 కానీ ఎఫ్3 కానీ అయ్యుండాలి అన్నారు.

ఇంట్లో చెప్తే మా అత్తగారు మొదట అన్న మాట, "మందు తాగేవాళ్ళకి కదే లివర్ పోయేది?" ఆవిడ తప్పేం లేదు, మా ఊళ్ళో లివర్ పోయింది అంటే అర్థం అదే. చుట్టాల్లో ఒకావిడైతే నాతో బానే మాట్లాడి బయటికెళ్ళి మా తోడికోడలితో "పార్టీలకీ వాటికీ వెళ్తుందా ఏంటి" అని అడిగిందట. ఈ మాట డాక్టర్ గారికి చెప్తే ఆయన నవ్వి, 1980లో అమెరికాలో మేయో క్లినిక్‌లో లుడ్విగ్ అనే పాథాలజిస్టు ఇరవై మంది పేషెంట్ల బయాప్సీలు, అంటే సూదితో తీసిన లివర్ ముక్కలు, చూసి, ఇవి అచ్చం తాగుబోతుల లివర్లలా ఉన్నాయి కానీ వీళ్ళు తాగరు అని రాసేదాకా ఈ జబ్బుకి పేరే లేదమ్మా, ఆ ఇరవై మందిలోనూ ఎక్కువమంది ఆడవాళ్ళే, లావున్నవాళ్ళే, చాలామందికి షుగర్ ఉంది అన్నారు. అంటే నలభై ఏళ్ళ కిందట అక్కడ కూడా ఎవరో ఒకావిడ నేను తాగనండీ బాబూ అని డాక్టర్ ముందు మొత్తుకునే ఉంటుంది. అది విని ఎందుకో నాకు మనసు తేలికపడింది.

ట్రయల్ మాట అప్పుడే వచ్చింది. ఆయన చెప్పింది ఇదీ. ఈ జబ్బు మందుల కోసం కంపెనీలు ఏళ్ళ తరబడి ప్రయత్నిస్తుంటే చివరి దశకి వచ్చినవే చాలా పోయాయి, ఎలాఫిబ్రనార్ పోయింది, సెలోన్‌సెర్టిబ్ పోయింది, ఒబెటికోలిక్ యాసిడ్‌ని అమెరికా వాళ్ళు రెండుసార్లు వెనక్కి పంపారు. మన దగ్గర జైడస్ వాళ్ళ సారోగ్లిటజార్‌కి 2020లో అనుమతి వచ్చింది. అమెరికాలో మొదటి మందు రెస్మెటిరామ్, దానికి అనుమతి వచ్చింది 2024 మార్చిలో, అంటే అప్పటికి కొద్దిరోజుల ముందే. ఆ మందు ట్రయల్లో 966 మంది ఉంటే, ఎక్కువ డోసు వేసుకున్నవాళ్ళలో దాదాపు 30 శాతం మందికి లివర్ వాపు పోయింది, పోలిక కోసం ఇచ్చే, మందేమీ లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళలో 10 శాతం లోపు. వినగానే నేను "అంటే వందలో డెబ్భై మందికి పని చెయ్యలేదా?" అన్నా. "అందుకే ఇంకా వెతుకుతున్నాం" అన్నారు. ఇప్పుడు ఇంకో కొత్త మందు మీద ఫేజ్ 3, అంటే అనుమతికి ముందు చివరి దశ ట్రయల్, జరుగుతోంది, మీరు దానికి సరిపోవచ్చు, ఆలోచించుకోండి, ఒద్దన్నా నా ట్రీట్‌మెంట్ ఏం మారదు అని, ట్రయల్ పనులు చూసే కోఆర్డినేటర్‌తో మాట్లాడమన్నారు.

కోఆర్డినేటర్ పాతికేళ్ళ అమ్మాయి, మొదట ఆంటీ అనేసి నాలుక కరుచుకుని మేడమ్ అంది, నేనే ఆంటీ అనమన్నా. ఒక పెద్ద కాగితాల కట్ట ఇచ్చింది, తెలుగులోనే ఉంది, ఇంటికి తీసుకెళ్ళి చదువుకోండి, ఇప్పుడే సంతకం పెట్టక్కర్లేదు అంది. చదివితే అందులో నా చదువు, ఉద్యోగం, సంవత్సరాదాయం, నామినీ పేరు, ఆ నామినీ నాకేమవుతారు, ఇవన్నీ నింపాలి. నామినీ అనే మాట చూసి మా వారికి గుండె జారిపోయింది. "నామినీ ఎందుకే? ఏమవుతుందని?" అని ఆ రాత్రంతా దొర్లుతూనే ఉన్నారు. తర్వాత తెలిసిందేంటంటే 2019లో కేంద్రం తెచ్చిన కొత్త రూల్స్ ప్రకారం ప్రతి ట్రయల్ ఫారంలో అది ఉండాల్సిందే, ట్రయల్ వల్ల ఏదైనా జరిగితే నష్టపరిహారం లెక్కకట్టడానికి, అది ఎవరికి ఇవ్వాలో తెలియడానికి. ట్రయల్లో ఉండగా ఏ ఆరోగ్య సమస్య వచ్చినా అది మందు వల్ల కాదు అని తేలేదాకా వైద్యం ఖర్చు మనది కాదు, ఎప్పుడైనా కారణం చెప్పకుండా మానేయొచ్చు, ఇవి కూడా అందులోనే ఉన్నాయి. మావారు ఒక కాగితం మీద ప్రశ్నలు రాసుకుని మరీ వచ్చారు, వాటిలో నాకు నచ్చింది ఒకటి, "ఇండియాలో ఆల్రెడీ ఒక మందు ఉన్నప్పుడు ఉత్తుత్తి మాత్ర ఎలా ఇస్తారు సార్, అది అన్యాయం కాదా?" డాక్టర్ గారు దాటెయ్యకుండా చెప్పారు, ఇది అన్ని దేశాల్లో ఒకే పద్ధతిలో జరిగే స్టడీ, జబ్బు నెమ్మదిగా నడిచేది, మధ్యలో రక్తపరీక్షల్లో తేడా కనిపిస్తే ఆపి ఉన్న మందు మొదలుపెడతాం, మీకు ఇప్పుడే ఆ మందు కావాలంటే ట్రయల్ వద్దు, రెండూ కలిపి కుదరదు అని. సమాధానం నాకు పూర్తిగా నచ్చిందని చెప్పను. కానీ సూటిగా చెప్పారు కాబట్టి చేరా.

సంతకం పెట్టేటప్పుడు వీడియో తీశారు. రూల్ ప్రకారం అందరికీ వీడియో తప్పనిసరి కాదట, బలహీన పరిస్థితిలో ఉన్నవాళ్ళమీద కొత్త మందు పరీక్షిస్తుంటేనే తియ్యాలి, ఆ హాస్పిటల్లో మాత్రం అందరికీ తీసేవారు. "మీకు ఇచ్చేది అసలు మందో కాదో మీకు తెలియదు, నాకు తెలియదు, డాక్టర్ గారికీ తెలియదు, అర్థమైందా ఆంటీ" అని కెమెరా ముందు అడిగితే అర్థమైంది అన్నా. నిజంగా అర్థమైంది తర్వాతే.

స్క్రీనింగ్ అంటే బ్లడ్ ట్యూబులు. ఎర్ర మూత, నీలం మూత, ఊదా మూత, ఒక్కసారే అన్ని తీస్తుంటే సిస్టర్‌ని ఇంకా ఏమైనా మిగులుస్తారా అమ్మా అని అడిగా. లివర్ చెడిపోవడానికి వేరే కారణం ఏదీ లేదని ముందు తేల్చాలి కదా, హెపటైటిస్ బి, సి, హెచ్ఐవీ, శరీరం తన లివర్ మీద తనే దాడి చేసే జబ్బు, రాగి పేరుకుపోయే జబ్బు, అన్నిటికీ చూశారు. నాటుమందులు, బరువు తగ్గే పొడులు ఏమైనా వాడారా అని గుచ్చి గుచ్చి అడిగారు, వాటితో లివర్ దెబ్బతిన్న కేసులు వాళ్ళ దగ్గరికి బానే వస్తాయట. తాగుతారా అన్న ప్రశ్న వేర్వేరు రకాలుగా అడిగారు, పండగలకి? పెళ్ళిళ్ళకి? ఎప్పుడో ఒకసారి? నేను నవ్వుతుంటే ఆ అమ్మాయి కూడా నవ్వుతూనే అన్ని బాక్సుల్లో సున్నాలు పెట్టుకుంటూ పోయింది. ఇక ప్రెగ్నెన్సీ టెస్ట్! కొడుకు ఇంటర్ చదువుతున్నాడమ్మా అంటే "ప్రోటోకాల్ ఆంటీ" అని డబ్బా చేతిలో పెట్టింది. ప్రతి విజిట్‌కీ అదే తంతు, మా వారు బయట కూర్చుని ప్రతిసారీ "ఏమైంది, శుభవార్తా?" అని అడగడం, నేను ఒక చూపు చూడటం.

పరగడుపున వెళ్ళి టోకెన్ పట్టుకుని గంటలు కూర్చుంటాం కాబట్టి పక్కవాళ్ళ కథలన్నీ తెలిసిపోతాయి. నల్గొండ కుర్రాడు ఒకడు హెపటైటిస్ బికి రోజూ ఒక మాత్ర వేసుకుంటున్నాడు, వాళ్ళమ్మ నుంచి పుట్టినప్పుడే వచ్చిందట. వైరస్ పూర్తిగా పోదు కానీ అదుపులో ఉంటుంది. హెపటైటిస్ సి ఉన్న ఒక పెద్దాయన మాత్రం మూడు నెలలు మాత్రలు వేసుకుని పూర్తిగా తగ్గిపోయి చివరి రివ్యూకి వచ్చారు. వైరస్ దొరికింది 1989లో, పావు శతాబ్దం తిరక్కుండానే నయం చేసే మాత్ర వచ్చేసింది, ఆ వైరస్‌ని కనిపెట్టిన వాళ్ళకి 2020లో నోబెల్ కూడా ఇచ్చారు. బి కి టీకా మన హైదరాబాద్‌లోనే శాంతా బయోటెక్నిక్స్ వరప్రసాద్ రెడ్డి గారు 1997లో చవగ్గా తెచ్చారు, అంతకుముందు విదేశాల నుంచి వచ్చే టీకా మామూలు జనం కొనలేకపోయేవాళ్ళు. మా అబ్బాయికి చిన్నప్పుడు వేయించినప్పుడు ఇదంతా నాకు తెలీదు, కార్డు మీద టిక్కు పెట్టించుకుని వచ్చేశా. వైరస్ అయితే ఒకటే శత్రువు, దాన్ని కొడితే చాలు, మాకేమో షుగర్, కొవ్వు, పుట్టుకతో వచ్చిన జీన్స్, కూర్చునే ఉద్యోగం అన్నీ కలిసి వచ్చిన జబ్బు, ఒక్క మాత్రతో లొంగకపోవడానికి అదే కారణం అని నాకు అక్కడ కూర్చుని కూర్చుని అర్థమైంది.

ఇప్పుడు అందరూ అడిగే బయాప్సీ సంగతి. ముందురోజు రక్తం గడ్డకట్టే టెస్ట్ చూశారు, తెల్లవారి స్కాన్ పెట్టి కుడివైపు పక్కటెముకల మధ్య పెన్నుతో గుర్తు పెట్టారు. మత్తు ఇంజెక్షన్ అక్కడి వరకే, మనిషికి మెలకువ ఉంటుంది. ఆ మత్తు సూది చుర్రుమంది, ఆ తర్వాత పెద్దగా ఏం లేదు. డాక్టర్ గారు ఊపిరి మొత్తం వదిలెయ్యండి, వదిలి అలాగే ఆపండి అన్నారు, స్టాప్లర్ కొట్టినట్టు టక్ మని ఒక చప్పుడు, లోపల ఎవరో గుద్దినట్టయింది, అంతే అయిపోయింది. ఊపిరి ఎందుకు ఆపాలంటే మనం ఊపిరి తీసినప్పుడల్లా లివర్ కిందికీ పైకీ కదులుతుంది, సూది లోపలున్నప్పుడు అది కదిలితే చీరుకుంటుంది. చూపించమని అడిగితే ఫార్మలిన్ సీసా పైకెత్తి చూపించారు, సేమ్యా పుల్లంత ముక్క, అడుగున పడి ఉంది. మొత్తం లివర్‌లో అది యాభై వేలో వంతట. దీన్ని చూసి నా లివర్ మొత్తం గురించి చెప్పేస్తారా అని అడిగితే, అదే మా ఇబ్బంది కూడానమ్మా, ఒకే ముక్కని ఇద్దరు పాథాలజిస్టులు చూస్తే ఒక్కోసారి ఇద్దరూ రెండు మాటలు చెప్తారు, అయినా కొత్త మందుకి అనుమతి ఇచ్చేవాళ్ళు ఇంకా బయాప్సీయే అడుగుతున్నారు అన్నారు.

నొప్పి వచ్చింది మాత్రం తర్వాత, అదీ కుడి భుజంలో! గుచ్చింది పక్కటెముకల్లో అయితే భుజం ఎందుకు లాగుతుందని నేను కంగారుపడితే సిస్టర్, అది అలాగే వస్తుందండీ, ఆ నరం దారి అది అని తేలిగ్గా చెప్పేసింది. కుడివైపుకి తిరిగి గంటల తరబడి కదలకుండా పడుకోబెట్టి, బీపీ, నాడి ఊరికే చూస్తూ ఉంటారు, లోపల రక్తం కారుతుందేమోనని. అదే దీని అసలు రిస్కు, తక్కువ మందికే అవుతుంది, కానీ అవుతుంది. సాయంత్రం ఇంటికి పంపించారు, కొన్నాళ్ళు బరువులు ఎత్తొద్దన్నారు. మా అత్తగారు ఆ వారం గ్యాస్ సిలిండర్ వైపు కూడా నన్ను పోనివ్వలేదు.

ఆ ముక్క స్లైడులు స్కాన్ చేసి ఎక్కడో ఉన్న సెంట్రల్ పాథాలజిస్టుకి వెళ్తాయి. కొవ్వుకి మూడు మార్కులు, వాపుకి మూడు, కణాలు ఉబ్బడానికి రెండు, మొత్తం ఎనిమిదికి కనీసం నాలుగు రావాలి, మూడింట్లో దేంట్లోనూ సున్నా ఉండకూడదు, ఫైబ్రోసిస్ ఎఫ్2 కానీ ఎఫ్3 కానీ ఉండాలి. అప్పుడే ట్రయల్‌లోకి. నాకు ఐదు, ఎఫ్2. నాతో పాటే బయాప్సీ చేయించుకున్న ఖమ్మం ఆవిడకి ఎఫ్1 వచ్చిందని తీసుకోలేదు. అంటే ఆవిడ లివర్ నాకంటే బాగుంది. అయినా ఆవిడ కారిడార్లో కూర్చుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది, ఇంత దూరం నుంచి వచ్చి సూది కూడా పొడిపించుకుని మంచి మందు పోగొట్టుకున్నాను అని. సెలెక్ట్ అయిన నేను ఆవిడని ఓదారుస్తున్నా! ఆ మందు మంచిదని ఎవరికీ తెలీదు, తెలిస్తే ట్రయల్ ఎందుకు, సగం మందికి అది మందే కాదు. కానీ తెల్లకోటు వేసుకున్న డాక్టర్ గారు అదే గదిలో అదే కుర్చీలో కూర్చుని ఇచ్చే సీసాని మన మనసు మందు అనే అనుకుంటుంది, ఎన్ని కాగితాల మీద సంతకం పెట్టినా. మీరు ఎప్పుడైనా చేరితే ఇది మాత్రం గుర్తుపెట్టుకోండి, వాళ్ళకి కావాల్సింది ఒక ప్రశ్నకి సమాధానం, మీకు తగ్గడం అందులో ఒక భాగం అయితే అవ్వొచ్చు, కాకపోవచ్చు.

సీసాల్లో మాత్రలు, పేరు ఉండదు, కోడ్ నంబర్లే. ప్రతి విజిట్‌కీ ఖాళీ సీసా, మిగిలిన మాత్రలు తిరిగి ఇచ్చెయ్యాలి, లెక్కపెడతారు. మొదటి నెలలో నాకు విరేచనాలు అయ్యాయి, మా వారు పండగ చేసుకున్నారు, "అయితే నీకు అసలు మందే పడింది!" అని. రెండో నెల తగ్గిపోయాయి, "ఉత్తుత్తిదే ఏమో" అని దిగులు. కోఆర్డినేటర్‌ని అడిగితే ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళకీ విరేచనాలవుతాయి ఆంటీ, ఊహించడం మానెయ్యండి అంది. మానేస్తామా! మా ఇంట్లో క్రికెట్ మ్యాచ్ తర్వాత అదే డిస్కషన్.

ఆ వానాకాలం నాకు డెంగ్యూ వచ్చింది. జ్వరం రాగానే ట్రయల్ కార్డు మీద ఉన్న నంబర్‌కి రాత్రి పూట ఫోన్ చేశా, పారాసిటమాల్ ఎంత వరకు వేసుకోవచ్చో చెప్పి మాత్ర ఆపమన్నారు. ప్లేట్‌లెట్లు అరవై వేలకి పడిపోయి ఇంటి దగ్గరి హాస్పిటల్లో అడ్మిట్ అయ్యా. నాకు అది డెంగ్యూ, వాళ్ళ భాషలో "తీవ్రమైన ప్రతికూల సంఘటన", అడ్మిట్ అయితే చాలు కారణం ఏదైనా సరే ఇరవై నాలుగు గంటల్లో ట్రయల్లో చేరినవాళ్ళ క్షేమం చూసే ఎథిక్స్ కమిటీకి, మందు కంపెనీకి, ఢిల్లీలో డ్రగ్ కంట్రోలర్ ఆఫీసుకి రిపోర్ట్ వెళ్ళాల్సిందే. నేను సెలైన్ ఎక్కించుకుంటుంటే ఆ అమ్మాయి నా డిశ్చార్జ్ కాగితాల కోసం మా వారికి ఫోన్ల మీద ఫోన్లు. డెంగ్యూలో లివర్ ఎంజైములు కూడా పెరుగుతాయి కాబట్టి అవి దిగేదాకా మాత్ర మళ్ళీ మొదలుపెట్టలేదు. మా వాడకట్టులో ఎన్ని దోమలున్నాయో ఢిల్లీ దాకా తెలిసింది, మున్సిపాలిటీకి మాత్రం తెలీలేదు.

ఇబ్బందులు లేవా అంటే ఉన్నాయి. దారి ఖర్చులు ఇస్తామన్నారు, ఇచ్చారు, కానీ ఒకసారి నెలల తరబడి పెండింగ్, అడిగితే అకౌంట్స్ వాళ్ళు అంటారు, నేనూ అకౌంట్సే కదా, ఆ సాకులన్నీ నాకు తెలిసినవే. మొదటి కోఆర్డినేటర్ పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయింది, కొత్తగా వచ్చిన అబ్బాయికి నా కథ మళ్ళీ మొదటినుంచి చెప్పుకోవాల్సి వచ్చింది. లీవులు అయిపోయాయి. ఎంత ఇస్తారు అని అడిగేవాళ్ళకి, దారి ఖర్చులు, పరగడుపు టెస్టు అయ్యాక క్యాంటీన్లో ఇడ్లీ కూపన్, అంతే.

జీన్స్ కోసం విడిగా ఒక ట్యూబు అడిగారు, దానికి వేరే సంతకం, ఇష్టమైతేనే. పీఎన్‌పీఎల్ఏ3 అని ఒక జీన్ ఉందట, 2008లో అమెరికాలో డల్లాస్ వాళ్ళు కనిపెట్టారు, అందులో ఒక చిన్న మార్పు ఉన్నవాళ్ళకి లివర్‌లో కొవ్వు ఎక్కువ పడుతుంది, సన్నగా ఉన్నా సరే. నేను ఇచ్చింది మా చెల్లి కోసమే, అది 52 కేజీలు, షుగర్ లేదు, దానికీ ఫ్యాటీ లివర్ ఉంది, ఎందుకో ఎవరూ చెప్పలేకపోయారు. నా రిజల్ట్ మాత్రం నాకు చెప్పరు, స్టడీకే. మా అన్నయ్య కొడుకు హైటెక్ సిటీలో చేస్తాడు, వాడు నవ్వుతూ "అత్తా, మా ఫ్లోర్ మొత్తం అదే" అన్నాడు. వాడు ఊరికే అనలేదు, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఏఐజీ హాస్పిటల్ వాళ్ళు కలిసి 345 మంది ఐటీ ఉద్యోగుల్ని చూస్తే 84 శాతం మందికి లివర్‌లో కొవ్వు ఉందని 2025లో పేపర్ వేశారు. వాడిని ఫిబ్-4 లెక్క వెయ్యమన్నా, ముప్పై ఐదేళ్ళ లోపు వాళ్ళకి ఆ లెక్క సరిగ్గా పని చెయ్యదట, అందుకని స్కాన్‌కి తీసుకెళ్ళా.

ఇంకొకటి. మాత్ర ఏదైనా కానీ, ట్రయల్లో ఉన్న అందరికీ డైటీషియన్ ఉంటుంది. క్యూబాలో 293 మంది మీద ఏడాదిపాటు తిండి, నడక మాత్రమే మార్చి చూసిన స్టడీ ఒకటి ఉంది, 2015లో వచ్చింది, పదిశాతం పైన బరువు తగ్గినవాళ్ళలో 90 శాతం మందికి లివర్ వాపు పోయింది, 45 శాతం మందికి ఫైబ్రోసిస్ కూడా వెనక్కి తగ్గింది. ఇప్పటిదాకా అనుమతి వచ్చిన ఏ మందూ ఆ 90 దగ్గరికి రాలేదు. చిక్కల్లా పది శాతం తగ్గేది పదిమందిలో ఒకరే. మా గోదావరి వైపు మనిషికి అన్నం తగ్గించమనడం అంటే మాటలా, కంచంలో అన్నం కుప్ప లేకపోతే భోజనం చేసినట్టే ఉండదు. ఆ డైటీషియన్ తెలివైంది, అన్నం మానెయ్యమనలేదు, ముందు కూర తినండి, పప్పు తినండి, ఆఖర్లో అన్నం అంది. ఆఖరికి వచ్చేసరికి ఆకలి తగ్గిపోయేది. కాఫీ మానక్కర్లేదంది, పంచదార లేకుండా తాగితే లివర్‌కి మంచిదే అంటున్నాయట స్టడీలు. 78 నుంచి 71న్నరకి వచ్చా.

52 వారాలకి రెండో బయాప్సీ. ఈసారి ఏం జరుగుతుందో తెలుసు కాబట్టి భయం ఎక్కువ వేసింది, విచిత్రం. ఆ రిపోర్ట్ స్కోరు మాకు చెప్పలేదు, చెప్తే ఎవరు ఏ మందు మీద ఉన్నారో ఊహించేస్తారని. ఫైబ్రోస్కాన్ మాత్రం చెప్పారు, 10.2 కాస్తా 7.4 అయింది, ఎస్‌జీపీటీ 31. మా వారు ఇది మాత్రదే అంటారు, మా అత్తగారు ఇది నడకదే అంటుంది, డాక్టర్ గారు రెండూ అయ్యుండొచ్చు, ఉత్తుత్తి మాత్ర వాళ్ళలో కూడా తగ్గేవాళ్ళు ఉంటారు అంటారు. షుగర్‌కీ, బరువు తగ్గడానికీ వాడే ఇంజెక్షన్ సెమాగ్లూటైడ్‌కి 2025 ఆగస్టులో అమెరికాలో ఈ జబ్బుకి అనుమతి వచ్చింది కదా, ఆ ట్రయల్లో ఉత్తుత్తి ఇంజెక్షన్ పడ్డవాళ్ళలోనే 34 శాతం మందికి వాపు పోయింది, అసలుది పడ్డవాళ్ళలో 63. ఆ వార్త రాగానే మమ్మల్ని పిలిచి, ఇలా కొత్త మందు వచ్చింది, మీరు ట్రయల్ వదిలి అటు వెళ్తానంటే వెళ్ళొచ్చు అని చెప్పి మళ్ళీ సంతకం తీసుకున్నారు, కొత్త సమాచారం ఏదొచ్చినా చెప్పి తీరాలట. నేను ఉండిపోయా. ట్రయల్ ఇంకా నడుస్తోంది, సిరోసిస్‌కి వెళ్ళేవాళ్ళు ఎందరో చూడాలంటే ఏళ్ళు పడుతుంది, అప్పటిదాకా సీసా గుట్టు విప్పరు.

హాస్పిటల్ పేరు అడగొద్దు, చెప్పను, చెప్తే వాళ్ళకీ నాకూ మంచిది కాదు. మీకు కావాలంటే సీటీఆర్ఐ అని ప్రభుత్వ రిజిస్ట్రీ ఉంది, 2009 నుంచి మన దేశంలో ప్రతి మందు ట్రయల్ అందులో ముందే నమోదు చేసి తీరాలి. జబ్బు పేరు, ఊరు పేరు కొట్టి వెతుక్కోవచ్చు, ఎవరు చేస్తున్నారు, ఎథిక్స్ కమిటీ ఒప్పుకుందా లేదా అన్నీ ఉంటాయి. ఎవరైనా ట్రయల్ అని పిలిచి అందులో నంబర్ చూపించలేకపోతే లేచి వచ్చెయ్యండి. వెళ్ళేటప్పుడు బయాప్సీ ఎన్నిసార్లు, బయాప్సీలో ఏదైనా తేడా వస్తే ఎవరు చూస్తారు, రాత్రి పూట ఫోన్ ఎత్తేది ఎవరు, మధ్యలో మానేస్తే నా ట్రీట్‌మెంట్ ఎవరు కొనసాగిస్తారు, ఈ నాలుగూ అడగండి. సంతకం పెట్టిన కాగితం కాపీ ఇవ్వడం వాళ్ళ బాధ్యత, తీసుకోకుండా రావద్దు, నాది బీరువాలో మా వారి పాలసీల పక్కనే ఉంది.